మంచుతెర మీద కొడైకెనాల్

సినిమాల్లో హీరో హీరోయిన్లు పడవెక్కి పాడుకునే కొడైకెనాల్ సరస్సు దేవుడు తవ్వింది కాదండోయ్! మధుర కలెక్టరుగా పనిచేసిన లెవింజ్ దొర 1863లో వాగుకు కట్ట వేయించి నీళ్లు నిలిపాడు. తూత్తుకుడి నుంచి పడవలు కొండెక్కాయి.

సుమారు 7 వేల అడుగుల ఎత్తున, 60 ఎకరాల్లో నక్షత్రంలా పరుచుకున్న నీళ్లు! తెల్లవారుజామున ఒడ్డు వెంట నడిచాను. మంచు విడుతుంటే చెట్లన్నీ నీళ్లలో తలకిందులుగా ప్రత్యక్షమయ్యాయి. ఏ స్టూడియో సెట్టింగూ దీని ముందు నిలవదు.

కానీ కెమెరాకు చిక్కని సంగతొకటుంది. 2001లో మూతబడిన ఓ థర్మామీటర్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని ఈ సరస్సు చేపల్లో కూడా పాదరసం బయటపడింది. మనిషి కట్టిన సరస్సు, మనిషి కలిపిన విషం. ఇక దేవుడి మీద భారం వేస్తే ఎలా?