ఊరివైపు ఇల్లు

మిర్యాలగూడలో పొద్దున్నే ఎక్కిన బస్సు నల్గొండ మీదుగా నార్కట్‌పల్లి చేరి, విజయవాడ హైవే ఎక్కింది. హయత్‌నగర్ దాటగానే సంచి సర్దుకున్నాను. ఇంకాస్త ముందుకెళ్తే ఎల్బీనగర్‌లో 2018 నుంచి మెట్రో ఉంది. నాకు అంత దూరం పోయే పని లేదు. వనస్థలిపురం సుష్మా థియేటర్ దగ్గర దిగి ఆటో ఎక్కితే చిన్నమ్మ ఇల్లు వచ్చేస్తుంది.

మా నల్గొండ వాళ్ళు, ఖమ్మం వాళ్ళు, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళు ఇంతమంది ఈ రోడ్డు పక్కనే ఎందుకు స్థిరపడ్డారో బాబాయిని చూశాక అర్థమైంది. ఆయన ఉద్యోగం నాంపల్లిలో. రోజూ అంత దూరం సిటీ బస్సులో నిలబడి పోయొచ్చేవాడు. ఇల్లు మాత్రం ఈ చివరే కావాలన్నాడు. పెళ్ళి పిలుపొచ్చినా, చావు కబురొచ్చినా పట్నమంతా దాటక్కర్లేదు, రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తితే ఊరి బస్సు ఆగుతుంది.

గేటు చప్పుడుకే చిన్నమ్మ చెంబుతో బయటికొచ్చింది.

"బస్సు లేటయిందా బిడ్డా? కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు."

మొదట ఇది హౌసింగ్ బోర్డు వాళ్ళిచ్చిన చిన్న ఇల్లు. ఒక హాలు, ఒక గది, వంటిల్లు. ఇది ఎలా పెరిగిందో నేల చూస్తే తెలుస్తుంది. హాల్లో షాబాదు బండలు, అరిగి అరిగి నున్నబడ్డాయి. చిన్న బాబాయి డిగ్రీకి వచ్చినప్పుడు వేసిన వెనక గదిలో మొజాయిక్. మా అక్క ఉద్యోగంలో చేరిన ఏడు కట్టిన పై గదికి తెల్ల టైల్స్. ఆ గదికి మెట్లు వెయ్యడానికి జామచెట్టు కొట్టేశారు. చిన్నమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదట. ఎంసెట్ కోచింగ్‌కి వచ్చి నేను రెండేళ్ళు పడుకున్నది షాబాదు బండల మీదే. ఎండాకాలంలో ఆ చల్లదనం నా వీపు ఇంకా మరిచిపోలేదు. ఎవరు వచ్చినా ఇల్లు పెరిగిందే తప్ప, చోటు లేదన్న మాట ఈ గడపలో ఎవరూ వినలేదు.

అప్పట్లో బోరు అడుగంటితే ట్యాంకరే గతి. వీధి పొడవునా బిందెలు బారులు తీరేవి. ఏ బిందె ఎవరిదో తెలియాలని అంచు మీద పేర్లు కొట్టించుకునేవారు. తర్వాత 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్ళు హైదరాబాదుకు తెచ్చారు. మా ఊరి పొలాలను తడిపే సాగర్ నీళ్ళే పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు చేరాయి. ఇది చెప్పేటప్పుడు చిన్నమ్మ గొంతు మారుతుంది. తను పుట్టింటి నుంచి వచ్చిన ఇన్నేళ్ళకు పుట్టింటి నీళ్ళు వెతుక్కుంటూ వచ్చాయన్నట్టు.

సాయంత్రం హరిణ వనస్థలి జింకల పార్కు దాకా వెళ్ళొచ్చాను. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. కృష్ణజింకలకు ఇంకా చోటుంది. చుట్టూ మాత్రం అపార్టుమెంట్లు. చిన్నమ్మ వీధిలోనే అప్పటి బోర్డు ఇళ్ళు నాలుగు మిగిలాయి. డెవలప్‌మెంటుకి ఇవ్వమని బిల్డర్లు ఈమెనూ అడుగుతూనే ఉన్నారు. ఫ్లాటులో బతకడం తప్పని నేననను. కానీ మూడు రకాల నేల ఉన్న ఈ ఇల్లు పోతే నాకు చాలా బాధ.

తెల్లవారుజామున ఏదో చప్పుడుకు మెలకువ వచ్చింది. నల్లా వచ్చింది. సంపు ఉంది, మోటారు ఉంది, పైన ట్యాంకూ ఉంది. అయినా చిన్నమ్మ నల్లా కింద స్టీలు బిందె పెట్టి, నిండేదాకా పక్కనే నిలబడింది. వెళ్ళి బిందె ఎత్తబోయాను. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆమె పేరు నా వేళ్ళకు గరుకుగా తగిలింది.

"మెల్లగ బిడ్డా, మొదటి బిందె దేవుడికి," అంది.