ఆల్డ్‌బరాకు వచ్చిన అతిథులు

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి, ఇప్స్‌విచ్‌లో మారి, శాక్స్‌మండంలో దిగాను. ఆల్డ్‌బరా దాకా ఉన్న రైలుమార్గం 1966లోనే మూతపడింది. అక్కణ్ణుంచి బస్సే గతి.

సఫోక్ తీరంలోని ఈ చిన్న ఊరి ఒడ్డున అన్నీ గులకరాళ్లే. నడుస్తుంటే కాళ్లకింద గరగరమంటాయి. పక్కనే చెక్కగుడిసెల్లో చేపలమ్ముతున్నారు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే బదులు మన ఊళ్లోనే పండుగ పెట్టుకుందామని గాయకుడు పీటర్ పియర్స్ అన్నారట. ఆయన, స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, రచయిత ఎరిక్ క్రోజియర్ కలిసి 1948లో సంగీతోత్సవం మొదలుపెట్టారు.

జూబిలీ హాలు చూడాలనే నేను వచ్చాను. మన పల్లెటూళ్ల కల్యాణ మండపమంత ఉంటుంది. 1961 జూలైలో ఇక్కడే రష్యన్ చెల్లో విద్వాంసుడు రాస్ట్రపోవిచ్, తన కోసం బ్రిటెన్ రాసిన సొనాటాను తొలిసారి వాయించారు. పియానో మీద బ్రిటెనే. మరుసటి నెలలోనే బెర్లిన్ గోడ లేచింది. దేశాలు ముఖాలు తిప్పుకుంటున్న రోజుల్లో ఈ ఇద్దరూ వచ్చీరాని జర్మన్‌లో కబుర్లు చెప్పుకున్నారు. ఆ స్నేహం పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. లండన్‌లో రష్యన్ స్వరకర్త షొస్టకోవిచ్ రాసిన చెల్లో కన్చెర్టో వాయించిన రాత్రి రాస్ట్రపోవిచ్ బ్రిటెన్‌ను కలిశారు, తన వాద్యానికి ఏదైనా రాయమని అక్కడికక్కడే అడిగేశారు.

అలా ఏదో ఒకటి చేసి రాయించుకోవడం ఆయనకు అలవాటు. 1964లో ఇద్దరూ ఒక రాచవారి ఇంటికి కారులో వెళుతున్నారు. అక్కడ రాకుమారి ముందు బాలే నర్తకిలా గిర్రున తిరిగి వంగి దండం పెడతానని రాస్ట్రపోవిచ్ పట్టుబట్టారు. బ్రిటెన్ హడలిపోయారు. దారిలో భోజనానికి ఆగినచోట, ఆ పని మానుకుంటే చెల్లోకి ఆరు రచనలు చేస్తానని మెనూ కాగితం మీదే ఒప్పందం రాసి సంతకం పెట్టారు. అతిథి ఆట పట్టిస్తే ఆతిథేయి సంగీతంతో బదులిచ్చిన ఇలాంటి పత్రం ఇంకే ఉత్సవ చరిత్రలోనైనా ఉందా అనిపించింది నాకు.

మర్నాడు దగ్గర్లోని స్నేప్ అనే ఊరికి వెళ్లాను. రెల్లుపొదల మధ్య ఆల్డ్ నది, ఒడ్డున ఎర్రటి ఇటుకల పాత మాల్టింగ్స్. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన ఆ భవనాన్ని 1967లో ఉత్సవానికి సభామందిరంగా మార్చారు. రెండేళ్లకే, ఉత్సవం మొదలైన రాత్రే, కాలిపోయింది. కచేరీలు చర్చికి తరలాయి తప్ప ఆగలేదు. ఏడాదిలో మళ్లీ కట్టారు. 1970 జూన్‌లో, షొస్టకోవిచ్ బ్రిటెన్‌కు అంకితమిచ్చిన పద్నాలుగో సింఫనీని బ్రిటన్‌లో మొదటిసారి అక్కడే వినిపించారు. నిర్వహించింది బ్రిటెన్, పాడినవారిలో ఒకరు రాస్ట్రపోవిచ్ భార్య విష్నెవ్‌స్కయా. పియానో విద్వాంసుడు రిక్టర్ కూడా ఈ ఉత్సవానికి మళ్లీ మళ్లీ వచ్చి, బ్రిటెన్ పక్కన కూర్చుని షూబర్ట్ వాయించి వెళ్లేవారు. పారితోషికం ఒక్కసారి రప్పించగలదు. ఇలా పదేపదే రప్పించింది మాత్రం బ్రిటెన్ ఇంటి ఆప్యాయతే అని నా నమ్మకం.

ఆల్డ్‌బరా చర్చి ఆవరణలో బ్రిటెన్, పియర్స్‌ల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. లోపల జాన్ పైపర్ రూపకల్పన చేసిన రంగుటద్దాల కిటికీలో, బ్రిటెన్ షొస్టకోవిచ్‌కు అంకితమిచ్చిన ‘ది ప్రాడిగల్ సన్’ సంగీతరూపకంలోని దృశ్యం కనిపిస్తుంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మెనూ మీద రాసిన ఆరింటిలో వచ్చినవి మూడు చెల్లో సూట్లే. మూడోదాన్ని బ్రిటెన్ రష్యన్ జానపద బాణీలతో, మృతుల కోసం పాడే ప్రార్థనతో అల్లారు. 1976 డిసెంబరులో ఆయన వెళ్లిపోయారు. తర్వాత ఉత్సవ కళా నిర్దేశకుల్లో ఒకరిగా ఆ బాధ్యతను రాస్ట్రపోవిచ్ భుజాన వేసుకున్నారు. ఉత్సవం నేటికీ ఏటా జూన్‌లో జరుగుతోంది. ఇంగ్లండులో ఉన్న తెలుగువారు ఒక్కసారైనా వెళ్లి వినండి. వెళ్లేముందు ఆ మూడో సూట్ తప్పక వినండి.