గుంటుపల్లి మెట్ల మీద మూడు విరామాలు

కాశీ, రామేశ్వరం చూసివచ్చిన మన పెద్దలలో చాలామంది దగ్గరలోనే ఉన్న బౌద్ధ క్షేత్రాలను చూసి ఉండరు. జగ్గయ్యపేట, ఘంటసాల, భట్టిప్రోలు, అమరావతి... ఎన్నో ఉన్నాయి. తిరువూరులో మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడూ నేనూ వీటిని ఒక్కొక్కటిగా చూడాలని సంకల్పించాము. కారును ఊరి దగ్గరే నిలిపి, అక్కడి నుంచి నడిచి వెళ్ళడం మా నియమం. బౌద్ధంలో నడకకు గౌరవస్థానం ఉన్నది. చంక్రమణం వల్ల ఐదు మేలులు కలుగుతాయని అంగుత్తర నికాయం చెబుతుంది: ప్రయాణానికి శక్తి, సాధనకు ఓపిక, స్వల్ప వ్యాధులు, చక్కని జీర్ణశక్తి, నిలకడైన ఏకాగ్రత. ఒక వైద్యునిగా ఈ జాబితాలో నేను దిద్దవలసినది ఏమీ కనబడదు.

మొదట ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లికి వెళ్ళాము. కొండ మెట్లు ఎక్కుతూ మాస్టారు మూడుసార్లు ఆగారు. మొదటిసారి లోయ అందంగా ఉన్నదన్నారు. రెండోసారి చెప్పు సర్దుకున్నారు. మూడోసారి ఏ సాకూ చెప్పలేదు. అరచేయి మాత్రం రొమ్ము నడుమ ఆనించి ఉన్నది.

"గ్యాసు, డాక్టరుగారూ. పొద్దున తిన్న పెసరట్టు."

బజారు దాకా నడిస్తే వస్తుందా అని అడిగాను. రాదట. ఎత్తు ఎక్కితే పట్టేసినట్లవుతుందట, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుందట. నెల రోజులుగా ఇదే తంతు. ఇంట్లో చెబితే యాత్ర మాన్పిస్తారని దాచారు.

పాఠకులారా, గ్యాసుకు మెట్ల లెక్క తెలియదు. శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బిగుతును, మరొక కారణం తేలేవరకు, గుండె రక్తనాళాల వ్యాధిగానే భావించాలి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసమో, అకారణమైన నీరసమో మాత్రమే కనిపించవచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగా ఉన్నంత మాత్రాన ధైర్యపడరాదు. ఆగినా తగ్గని నొప్పి, కూర్చుని ఉండగా వచ్చిన నొప్పి, చెమటతో కూడిన నొప్పి అయితే మెట్లూ వద్దు, సోడా వద్దు, 108కు ఫోన్ చేయాలి.

ఇంత దూరం వచ్చి చైత్యం చూడకుండానా అని మాస్టారు నొచ్చుకున్నారు. మెట్టు మీద కూర్చోబెట్టి, నేను పూర్వం చూసినదానిని మాటలలో చూపించాను. క్రీస్తుపూర్వం నాటి గుండ్రని గుహ అది. కర్రతో కట్టిన కప్పులాగే పైన రాతిలోనే వాసాలు చెక్కారు. నడుమ ఉన్న స్తూపాన్ని చుట్టుపక్కల గ్రామాలవారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ఆయన విన్నారు గానీ సంతృప్తి చెందలేదు. మెల్లగా దిగివచ్చాము.

పరీక్షలలో ఒక రక్తనాళం బాగా పూడినట్లు తేలింది. స్టెంట్ వేశారు. ఆయన నాతో నెలరోజులు మాట్లాడరేమోనని మా ఇంట్లో అనుకున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే కాఫీకి పిలిచారు. హృద్రోగ నిపుణులు అనుమతించిన తరువాత, సమతలం మీద, మాట తడబడనంత వేగంతో నడక మళ్ళీ మొదలుపెట్టాము. యాత్రాక్రమాన్ని ఇప్పుడు చరిత్రను బట్టి కాక ఎత్తును బట్టి మార్చుకున్నాము. ముందు ఘంటసాల, ఆపైన భట్టిప్రోలు. రెండూ డెల్టాలోని ఊళ్ళే. గుంటుపల్లి ఎప్పుడని మాస్టారు వారానికొకసారి అడుగుతూనే ఉన్నారు.