ఇంటి వైరింగుకి రూల్సు పుస్తకం చట్టమేనా?

ఈసారి పంట సంగతి కాదు, కరెంటు సంగతి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

మనూళ్లలో ఇప్పుడు ఇళ్లు బాగా లేస్తున్నాయి. ఇల్లు కట్టే ప్రతివాడూ సిమెంటు ఏ కంపెనీదో అడుగుతాడు, ఇనుము ఎన్ని ఎం.ఎం.దో అడుగుతాడు. వైరింగు దగ్గరకొచ్చేసరికి "నీకు తెలిసినట్టు చేసెయ్యి బాబూ" అంటాడు. మొన్న మా మేనల్లుడు గొడ్ల చావిడి పక్కన రెండు గదులు వేస్తుంటే అదే జరగబోయింది. పని చేసే కుర్రాడు "ఎర్తు గుంత ఎందుకండీ, ప్లగ్గులో ఎర్తు పిన్నుని న్యూట్రల్‌కి కలిపేస్తా, ఖర్చు మిగుల్తుంది" అన్నాడు. నేను వద్దన్నాను. మా వాడు వెంటనే "మామయ్యా, ఆ రూల్సు పుస్తకం ఇంజనీర్లకి గదా, మన ఇంటికి అది చట్టమా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. తెలిసినవాళ్లని అడిగి, చదివి, అర్థమైంది రాస్తున్నా.

ఆ పుస్తకం పేరు నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. ఐ.ఎస్.ఐ. మార్కు ఇచ్చే బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వాళ్లదే. మొదట 1985లో వచ్చింది, తర్వాత 2011లో, 2023లో మార్చారు. వైరింగుకి ఐ.ఎస్. 732, ఎర్తింగుకి ఐ.ఎస్. 3043 అని విడి పుస్తకాలు కూడా ఉన్నాయి. ఇవి వాటంతట అవి చట్టం కావు. అంతవరకు మా వాడి మాట నిజమే.

కానీ 2003 విద్యుత్ చట్టం ఉంది. దాని కింద సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది, 2023లో కొత్తవి వేసింది. అంతకుముందు 1956 నాటి రూల్సు ఉండేవి. ఈ నిబంధనలు మాత్రం చట్టమే, మన పెంకుటింటికీ వర్తిస్తాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు. అంతకు మించి కొత్త వైరింగైనా, ఉన్నదానికి లైను పెంచినా, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే, పర్మిట్ ఉన్న మనిషి చేతే చేయించాలి. వైర్లకి, స్విచ్చిలకి, ఎం.సి.బి.లకి ఐ.ఎస్.ఐ. మార్కు తప్పనిసరి చేస్తూ 2003లోనే ఆర్డరు వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే, నీ చేలో నీళ్లు పక్కవాడి చేను ముంచకూడదన్నది కట్టుబాటు. గట్టు ఎంత ఎత్తు వెయ్యాలో అనుభవమున్న పెద్దాయన చెబుతాడు. ఆయన మాట వినక చేను మునిగితే తగువు నీ మెడకే.

ఎర్తు, న్యూట్రల్ కలిపితే ఏమవుతుందో కూడా చూడండి. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. బల్బులోంచి వచ్చే కరెంటు పోయే దారి లేక, ఆ కలిపిన పిన్ను మీదుగా ఫ్రిజ్జు రేకులోకి, మోటారు బాడీలోకి వచ్చేస్తుంది. స్విచ్చి తీసేసి ఉన్నా సరే. పసిపిల్ల ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే ఇంకేముంది?

రెండేళ్ల కిందట మా చుట్టాల చావిడిలో పాడిగేదె పోయింది. రేకుల మీదుగా లాగిన తీగ ఒరుసుకుని రేకుకి, రాటకి కరెంటొచ్చింది. పరిహారం అడగబోతే "మీటరు దాకా మాది, ఇవతల మీది. వైరింగు ఎవరు చేశారు, కాయితం ఏది?" అన్నారు. వీళ్ల దగ్గర జవాబు లేదు. గేదె బదులు పాలు పితికే కూలిమనిషి పోయి ఉంటే? నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106 ఉంది, ఐదేళ్ల దాకా జైలు. అప్పుడు "అందరూ ఇలాగే చేస్తున్నారండీ" అంటే కోర్టు వినదు.

నిజమే, చూడ్డానికి ఎవరూ రారు. మీటరు పెట్టేటప్పుడు టెస్ట్ రిపోర్టు అడుగుతారు, చాలామంది ఇల్లు చూపించకుండానే సంతకం తెచ్చుకుంటారు. తర్వాత చావిడికి, బాత్రూముకి లాగిన లైన్ల సంగతి అడిగేవాడే లేడు. అందుకని మనమే అడగాలి.

పని మొదలెట్టకముందే పర్మిట్ చూపించమనండి. వైరు చుట్ట మీద ఐ.ఎస్.ఐ. మార్కు చూడండి. ఎర్తు గుంత తీయించి, ప్రతి ప్లగ్గుకీ పచ్చ తీగ విడిగా వేయించండి. వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి. ఎం.సి.బి. ఉందిగా అనుకోవద్దు, అది కాపాడేది తీగని. మనిషిని కాపాడాలంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి, నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూడండి. పనయ్యాక ఎర్తు, ఇన్సులేషన్ రీడింగులు రాసిన రిపోర్టు తీసుకుని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు దాచండి.

వానలు మొదలయ్యేలోపు ఒక్కసారి చావిడి లైను చూసుకోండి. ఇనుప దండెం మీదుగా తీగ పోతుంటే ఈ పూటే మార్పించండి. మీ ఊళ్లో పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ ఎవరైనా ఉంటే కింద రాయండి, పక్క ఊరివాళ్లకి పనికొస్తుంది.