మా గూడెం అడ్రసు

మాది మాదిగ గూడెం. హాస్టల్లో చేరిన మొదటి వారం అడ్రసు ఉన్నదున్నట్టే రాశాను. అది చదివి ఒకడు గది మార్చుకుని వెళ్లిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. నాకే అర్థమైంది. అప్పట్నించీ గూడెం పేరు కొట్టేసి, ఊళ్లో ఉన్న రామాలయం వీధి పేరు రాయడం మొదలుపెట్టాను. పోస్టుమేనుకి మా నాయన తెలుసు గనక ఉత్తరాలు ఎట్లాగో చేరేవి. ఆ వీధిలో మా నాయన చెప్పులేసుకుని నడిచింది లేదు. పెళ్లికో చావుకో పిలిస్తే పోయేవాడు, డప్పు కొట్టి వచ్చేవాడు.

తర్వాత వచ్చిన రూమ్మేటు దగ్గర, అమెరికా నించి వాళ్లన్న పంపిన కాసెట్టు ఒకటుండేది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనే రాక్ గాయకుడి రెండో ఆల్బం, 'ది వైల్డ్, ది ఇన్నోసెంట్ అండ్ ది ఈ స్ట్రీట్ షఫుల్'. మొదటిది 1973 జనవరిలో, ఇది అదే ఏడాది నవంబరులో వచ్చాయి. అప్పటికతనికి 24 ఏళ్లు. ఏడే పాటలు. వచ్చిన కొత్తల్లో పెద్దగా అమ్ముడుపోలేదంట.

మాటలు నాకు సగం తెలిసేవి కావు. చివరి పాట మాత్రం పట్టుకుంది. గాయకుడు నోరు తెరవక ముందు చాలాసేపు పియానో ఒక్కటే మోగుతుంది. పెళ్లికొడుకు రాకముందే మా నాయన డప్పు మోగినట్టు.

"ఎవర్రా వాయించేది?" అన్నాను.

"డేవిడ్ సాన్షస్. నల్లజాతివాడు. శాక్సఫోన్ క్లారెన్స్ క్లెమన్స్ కూడా అంతే."

"మరి ఈ స్ట్రీట్ అంటే?"

న్యూజెర్సీలో బెల్మార్ అనే చిన్న ఊరుంది. ఆ సాన్షస్ వాళ్లమ్మ ఇల్లున్న వీధి అది. వీళ్లంతా ఆ ఇంట్లో చేరి సాధన చేసుకునేవాళ్లు. ఆ వీధి పేరే ఆల్బం కెక్కింది. తర్వాత బ్యాండుకే ఆ పేరు ఖాయమైంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఒక నల్లజాతి తల్లి కాపురమున్న వీధి అట్ట మీద అచ్చయింది. మా అమ్మ కాపురమున్న వీధిని నా చేత్తో నేనే కొట్టేశాను.

క్రిస్మస్ సెలవులకి మా ఇంటికొస్తానని రూమ్మేటు అడ్రసడిగాడు. పెన్ను పట్టుకుని కాసేపు కూచున్నాను. మాదిగ గూడెం అనే రాసిచ్చాను. వాడు వచ్చాడు. మా అమ్మ వండింది తిన్నాడు. టేప్ రికార్డర్లో ఆ పాట పెట్టి, వీధి సంగతంతా చెప్పాడు.

మా నాయన చివరిదాకా విని ఒక్కటే అడిగాడు. "ఆ పిల్లోడి పేరు పైనుందా బాబూ?"

"లేదు పెదనాన్నా. పైన పాడినాయన పేరు. ఇతని పేరు వెనకాల, చిన్నక్షరాల్లో."

"వీధి ముందుకొచ్చింది, మనిషి వెనకాలే ఉండాడన్నమాట" అన్నాడు మా నాయన.

ఆ మాట నాకు తట్టలేదు. తర్వాత తెలుసుకున్నాను. సాన్షస్ 1974లో తన సొంత సంగీతం కోసం బ్యాండు వదిలాడు. ఎవరూ తరమలేదు. 1975లో మూడో ఆల్బంతో స్ప్రింగ్‌స్టీన్‌కి పేరొచ్చేసరికి అతను బ్యాండులో లేడు. క్లెమన్స్ 2011లో చనిపోయేదాకా అందులోనే ఉన్నాడు. వీధి పేరు మాత్రం దేశాలు తిరిగింది.

ఇప్పుడెక్కడ అడ్రసడిగినా గూడెం పేరు రాస్తాను. దాని పైన మా నాయన పేరు కూడా పూర్తిగా రాస్తాను.