రోజూ వేసుకునే ఆ మాత్ర గురించి



ఎయిడ్స్ గురించి రాసినప్పుడల్లా మీ ఉత్తరాల్లో ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే మాత్ర ఉందట కదా, అది నిజంగా పని చేస్తుందా?" అని. ఉంది. పని చేస్తుంది. దాన్ని ప్రెప్ అంటారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ అనే రెండు మందులు కలిపిన మాత్ర అది. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. వైరస్ మన కణంలోకి దూరాక అక్కడ పాతుకుపోవాలంటే దానికి ఒక ఎంజైము కావాలి. ఆ ఎంజైమును ఈ మందులు పని చెయ్యనివ్వవు. క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది.

క్రమం తప్పకుండా వేసుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఇవాళ మీకు రాయాలనుకున్నది దాని గురించే.

దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో ఐదు వేల మందికి పైగా స్త్రీలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. దాని పేరు వాయిస్. ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్లు, పెళ్లి కానివాళ్లు. నెలనెలా క్లినిక్‌కి వచ్చేవారు, మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చేవారు. వాళ్ల మాటను బట్టీ, మాత్రల లెక్కను బట్టీ చూస్తే నూటికి 90 వంతులు మందు సక్రమంగా వేసుకుంటున్నట్టే. 2013లో ఫలితాలు వచ్చాయి. మాత్ర ఎవరినీ కాపాడినట్టు తేలలేదు. అప్పుడు రక్తం పరీక్షించి చూస్తే, నూటికి 30 నమూనాల్లో కూడా మందు జాడ లేదు.

అబద్ధాలాడారని వాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆ తర్వాత పరిశోధకులు కొందరి దగ్గరికి మళ్లీ వెళ్లి, రక్త పరీక్ష ఫలితాలు ముందు పెట్టి నెమ్మదిగా అడిగారు. అప్పుడు బయటపడ్డాయి అసలు సంగతులు. ఒంట్లో బాగానే ఉన్నప్పుడు మందెందుకన్న శంక, దుష్ఫలితాల భయం. అన్నిటికన్నా మించి, ఈ మాత్ర చూసినవాళ్లు తమకు హెచ్ఐవీ ఉందనుకుంటారన్న భయం. అందులో ఆశ్చర్యమేమీ లేదు. జబ్బు వచ్చినవాళ్ల చికిత్సలో కూడా ఇదే టెనోఫోవిర్ వాడతారు. 30 మాత్రలున్న ప్లాస్టిక్ డబ్బా చేతిసంచిలో అటూ ఇటూ కదిలితే గలగలమంటుంది. బస్సులో పక్కనున్నామెకు వినిపిస్తుంది, ఇంట్లో అత్తగారికి వినిపిస్తుంది. ఆ చప్పుడుకి జడిసి డబ్బాను ఇంటి దగ్గరే వదిలి వెళితే, ఆ పూట మాత్ర తప్పినట్టే.

ఇంచుమించు అదే కాలంలో కెన్యా, ఉగాండాల్లో 4,700 పైచిలుకు జంటలతో ఇంకో అధ్యయనం జరిగింది. ప్రతి జంటలో ఒకరికి హెచ్ఐవీ ఉంది, రెండోవాళ్లకు లేదు. లేనివాళ్లకు ఈ మాత్ర ఇచ్చారు. ముప్పు 75 శాతం తగ్గింది. అదే మాత్ర, అదే ఖండం. తేడాలు చాలానే ఉండొచ్చు గానీ, నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. ఆ ఇళ్లలో దాపరికం లేదు. భార్యకు తెలుసు, భర్తకు తెలుసు. ఒకరు మరిచిపోతే రెండోవారు గుర్తుచేస్తారు. మందు మానేయడాన్ని మనం మతిమరుపు అనుకుంటాం. చాలాసార్లు అది భయం.

మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) 2022లో ప్రెప్‌కి మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇది ఎవరికి వారు మందుల షాపులో కొనుక్కుని వేసుకునేది కాదు. ముందు హెచ్ఐవీ లేదని పరీక్షలో తేలాలి. కిడ్నీల పనితీరు చూడాలి, హెపటైటిస్-బి ఉందేమో చూడాలి. మొదలుపెట్టిన కొత్తల్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కొందరు ఆలోపే మానేస్తారు, ఇంకాస్త ఓపిక పట్టండి. మూడు నెలలకోసారి హెచ్ఐవీ పరీక్ష మాత్రం మానకూడదు. తెలియకుండా వైరస్ సోకి ఉంటే, ఈ రెండు మందులు మాత్రమే వాడుతూ పోవడం వల్ల అది మందులకు లొంగకుండా తయారవుతుంది. సిఫిలిస్, గనేరియాలను ఈ మాత్ర ఆపలేదు కాబట్టి కండోమ్ అవసరం తీరిపోదు. ఇక అవసరం లేదనిపిస్తే మానుకోవచ్చు, అది తప్పేమీ కాదు. అయితే డాక్టర్‌కి చెప్పి మానండి. హెపటైటిస్-బి ఉన్నవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే కాలేయానికి ప్రమాదం.

రోజూ మాత్ర దాచుకోలేనివాళ్లకు ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. లెనకపవిర్ అనే ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి చేయించుకుంటే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో అది తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదని 2024లో వెల్లడైంది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. దాన్నే 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు అందిస్తామని ముందుకొచ్చినవి మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్. ఈ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

సందేహాలుంటే 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులేమీ పడవు. చివరగా ఒక్క మనవి. మీ ఇంట్లోనో, హాస్టల్ గదిలోనో ఎవరి సంచిలోనైనా అలాంటి డబ్బా కంటపడితే ఆరాలు తీయకండి, పదిమందిలో ప్రస్తావించకండి. వాళ్లను ఆ పూట మాత్ర వేసుకోనివ్వండి.