రెండు ఊళ్ళు, ఒక రోజు, ఐదుగురం

కుటుంబమంతా కలిసి ఎక్కడికి వెళ్ళినా కింద ఉండిపోయే మనిషి ఒకరుంటారు, గమనించారా? కొండ దగ్గరో కోట దగ్గరో "మీరు వెళ్ళిరండి, నేనిక్కడే కూర్చుంటా" అనే మనిషి. ఆవిడ చుట్టూ నాలుగు బ్యాగులు, అందరి స్వెట్టర్లు, ఒళ్ళో నిద్రపోయిన పిల్లాడు. పైనుంచి తీసిన ఫొటోల్లో ఆవిడ ఎక్కడా ఉండదు. మన ఇళ్ళల్లో ఆ మనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు. చాలాసార్లు అది మీరే, లేదా నేనే, లేదా మన అత్తగారో అమ్మో.

మొన్న వేసవి సెలవులకి ఇటలీ ప్లాన్ వేస్తుంటే ఈ విషయమే నా నోట్‌బుక్‌లో మొదటి సమస్యగా వచ్చి కూర్చుంది. మేముండేది జర్మనీలో. అత్తయ్య మూడు నెలల వీసా మీద వచ్చారు. ఫ్లోరెన్స్‌లో నాలుగు రోజులు ఇల్లు అద్దెకి తీసుకున్నాం. అందులో ఒక రోజు బయట ఊళ్ళు చూడాలి. మా పెద్దదానికి పదకొండేళ్ళు, దానికి పీసా టవర్ ఎక్కాలి. చిన్నోడికి ఆరేళ్ళు, వాడికి రైలు చాలు, ఎక్కడికి వెళ్తుందో అక్కర్లేదు. మావారికి "ఎలాగూ వెళ్తున్నాం కదా" అనే జబ్బు ఉంది. ఎలాగూ పీసా వెళ్తున్నాం కదా, సముద్రం కూడా చూద్దాం, ఎలాగూ సముద్రం దాకా వెళ్తాం కదా, ఆ కొండ మీది ఐదు ఊళ్ళూ చూద్దాం అంటారు. అత్తయ్యకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పే. ఆవిణ్ణి అడిగితే ఒకటే మాట, "నాదేముంది, మీ ఇష్టం."

రాత్రి గిన్నెలు కడిగాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పీసా టవర్ నియమాలు చదివాను. లిఫ్ట్ లేదు. 250కి పైగా మెట్లు, మెలికలు తిరుగుతూ పైకి వెళ్తాయి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. పద్దెనిమిది లోపు వాళ్ళ వెంట పెద్దవాళ్ళు ఉండాలి. టికెట్ మీద టైము వేసి ఉంటుంది, ఆ టైముకి రాకపోతే టికెట్ పోయినట్టే. బ్యాగులు పైకి తీసుకెళ్ళకూడదు, పక్కనే ఉన్న సామాన్ల గదిలో పెట్టేయాలి. ఆ చివరి నియమం నాకు భలే నచ్చింది. బ్యాగులకి కాపలా మనిషి అక్కర్లేని చోటు ప్రపంచంలో ఒకటుందన్నమాట!

మావారు నా భుజం మీదుగా చూసి రెండు నిమిషాల్లో తేల్చేశారు. "నేనూ పెద్దదీ ఎక్కేస్తాం. నువ్వూ అమ్మా చిన్నోడూ కింద ఉండండి. సింపుల్."

సింపులే. పదమూడేళ్ళుగా అన్నీ ఇలాగే సింపుల్‌గా తేలిపోతున్నాయి. నేనేదో అనబోయేలోపు, పక్కన బీన్స్ ఈనెలు తీస్తున్న అత్తయ్య తలెత్తకుండానే అన్నారు. "ఈసారి అమ్మాయిని ఎక్కనీరా. కింద కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

తర్వాత ఆవిడే చెప్పారు. పెళ్ళైన కొత్తలో, ఏదో చుట్టాల పెళ్ళికి గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళారట. మర్నాడు అందరూ చార్మినార్ చూడ్డానికి బయల్దేరారు. మామయ్యగారు, ఆయన తమ్ముళ్ళు, ఆడపడుచులు అందరూ మెట్లెక్కి పైకెళ్ళారు. ఈవిడ కింద చంటిపిల్లాడితో, సంచులతో కూర్చున్నారు. వాళ్ళు దిగొచ్చి "పైనేముంది, అంతా ఒకటే, నువ్వు ఎక్కకపోయినా పర్లేదు" అన్నారట. "ఒకటేనో కాదో నేను చూస్తే కదా తెలిసేది" అని బీన్స్ గిన్నె పక్కకి జరిపారు. ఆ చంటిపిల్లాడు మావారే.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, కింద నేనుంటాలే" అన్నారు.

"మరి మీరు?" అని అడిగాను అత్తయ్యని. "నా మోకాళ్ళకి ఇప్పుడు ఏమెక్కుతానే! నా టైము అయిపోయింది." నవ్వుతూనే అన్నారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెట్లు లేకుండా ఎక్కే ఎత్తు ఒకటి ఎక్కడైనా ఉంటుందా? మర్నాడు నా వెతుకులాటంతా దాని కోసమే.

అలా దొరికిన ఊరు లుక్కా. పీసా నుంచి రైల్లో అరగంట. ఊరి చుట్టూ కోటగోడ ఉంది, దాదాపు 12 మీటర్ల ఎత్తు. మన గోల్కొండలా రాళ్ళ మెట్లు కాదు. వాలుగా ఉన్న దారుల్లోంచి మెల్లగా నడుస్తూ పైకి వెళ్ళిపోవచ్చు. పైన వెడల్పాటి రోడ్డు, రెండు వైపులా పెద్ద చెట్లు, బెంచీలు. చుట్టూ తిరిగొస్తే 4 కిలోమీటర్ల పైచిలుకు. సైకిళ్ళు, నలుగురు కూర్చుని తొక్కే బళ్ళు అద్దెకి దొరుకుతాయి. 16, 17 శతాబ్దాల్లో శత్రువుల కోసం కట్టిన గోడట. ఆ శత్రువులెవరూ ఎప్పుడూ ముట్టడికి రాలేదు. 1812లో వరద వచ్చినప్పుడు మాత్రం గేట్లు మూసేస్తే ఊళ్ళోకి నీళ్ళు రాకుండా ఆపింది. తర్వాత పైన చెట్లు నాటి జనం నడిచే దారి చేశారు. యుద్ధానికి కట్టింది చివరికి మార్నింగ్ వాక్‌కి పనికొచ్చింది చూడండి.

పీసా మాత్రమే చూసి వచ్చేస్తే సరిపోదా, రెండు ఊళ్ళు ఎందుకు అని ఫోన్లో మా చెల్లి అడిగింది. ఒక ఊరు మెట్లెక్కే కాళ్ళకి, ఇంకో ఊరు ఎక్కలేని కాళ్ళకి అన్నాను. ఇంక మూడో ఊరు వద్దని మావారి చేతే చెప్పించాను.

ఇప్పుడు మీకు పనికొచ్చే లెక్కలు చెప్తాను.

ఫ్లోరెన్స్, పీసా, లుక్కా ఈ మూడూ మ్యాప్‌లో త్రికోణంలా ఉంటాయి. వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు. ఫ్లోరెన్స్ నుంచి పీసాకి గంట అటూ ఇటూ. పీసా నుంచి లుక్కాకి అరగంట. లుక్కా నుంచి ఫ్లోరెన్స్‌కి గంటన్నర లోపే. అన్నీ ప్యాసింజర్ లాంటి ప్రాంతీయ రైళ్ళు. సీటు రిజర్వేషన్ ఉండదు, ముందుగా కొంటే తగ్గేదీ లేదు, కాబట్టి ఆ రోజే కొనుక్కోవచ్చు. కాగితం టికెట్ అయితే రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీది మిషన్‌లో ముద్ర కొట్టించాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా వేస్తారు.

పీసా సెంట్రల్ స్టేషన్ నుంచి టవర్ దాకా నడక పాతిక నిమిషాలకి తక్కువ కాదు. అత్తయ్య మోకాళ్ళకి అది ఎక్కువ. అందుకని సెంట్రల్‌లో దిగి, లుక్కా వెళ్ళే బండెక్కి, తర్వాతి చిన్న స్టేషన్ సాన్ రొస్సోరెలో దిగాలని రాసుకున్నాను. అక్కణ్ణించి టవర్ పది నిమిషాల లోపే. చూడ్డం అయ్యాక మళ్ళీ ఆ చిన్న స్టేషన్‌లోనే లుక్కా బండి ఎక్కేయొచ్చు.

తిండి సంగతి. అక్కడ హోటళ్ళలో మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటితే వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడింటికే. కూర్చుని తింటే బిల్లులో మనిషికింత అని కుర్చీ ఖర్చు కూడా వేస్తారు. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. కాబట్టి పొద్దున్నే పులిహోర కలిపి రెండు డబ్బాల్లో సర్దాను. చింతపండు గుజ్జు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాను, మీరైనా అంతే కదా! కాఫీ మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, వాళ్ళ బాత్రూమ్ కూడా వాడుకోవచ్చు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు గంటన్నరకోసారి ఇలాంటి కాఫీ ఒకటి ప్లాన్‌లో రాసుకోండి. చరిత్ర కన్నా ముందు అదే అవసరం.

టవర్ టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. పదిన్నర టైముకి రెండు, నాకూ పెద్దదానికీ.

ఆ రోజు అనుకున్నట్టే జరిగింది. పచ్చటి గడ్డి మధ్య తెల్లటి చలవరాతి కట్టడాలు, వాటి పక్కన పడిపోతున్నట్టు నిలబడ్డ గోపురం. చిన్నోడు అందర్లాగే చేతులు చాచి దాన్ని పట్టుకున్నట్టు ఫొటో దిగాడు. బ్యాగులన్నీ గదిలో ఇచ్చేసి, ఖాళీ చేతులతో నేను మెట్లెక్కాను. ఎంతమంది కాళ్ళు పడ్డాయో, రాతి మెట్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. తిరుగుతూ ఎక్కుతుంటే ఒక పక్క ఒళ్ళు గోడకి వాలిపోతుంది, ఇంకాసేపటికి రెండో పక్కకి తూలుతుంది. కడుపులో చిన్నగా తిప్పినట్టు. "అమ్మా, తాగినవాళ్ళలా నడుస్తున్నావు" అని మా పిల్ల ఒకటే నవ్వు.

పైన గాలి. ఎర్ర పెంకుల ఇళ్ళు, దూరంగా కొండలు. కిందకి చూస్తే గడ్డి పక్కన మా ముగ్గురూ చిన్న చిన్న బొమ్మల్లా. మావారు ఒక చేత్తో చిన్నోణ్ణి పట్టుకుని రెండో చేత్తో ఊపుతున్నారు. పదమూడేళ్ళలో ఆయన్ని పైనుంచి చూడటం అదే మొదటిసారి.

ఆ టవర్ గురించి ఒక సంగతి చెప్పాలి. 1173లో మొదలుపెట్టారు, మూడో అంతస్తుకొచ్చేసరికే మెత్తటి నేలలో ఒక పక్కకి కుంగింది. యుద్ధాల వల్ల మధ్యలో దాదాపు నూరేళ్ళు పని ఆగింది. ఆ ఆగడమే మేలు చేసిందంటారు, నేల కాస్త గట్టిపడిందట. 1990లో ప్రమాదమని మూసేశారు, 2001 చివర్లో మళ్ళీ తెరిచారు. ఈ మధ్యలో ఏం చేశారంటే, ఒరిగిన పక్కని పైకి లేపలేదు. ఎత్తుగా ఉన్న పక్క కింద మట్టిని కొంచెం కొంచెంగా తీశారు. గోపురం తనంతట తనే నలభై సెంటీమీటర్ల పైన వెనక్కి సర్దుకుంది. ఇది మా పిల్ల చదివి వినిపిస్తుంటే నాకు మా డైనింగ్ టేబుల్ గుర్తొచ్చింది. ఎప్పుడూ సర్దుకునే మనిషినే ఇంకా సర్దుకోమనకుండా, అవతలి పక్క కాస్త తగ్గితే చాలు, ఇల్లు నిలబడుతుంది.

పన్నెండున్నరకల్లా లుక్కా బండెక్కాం. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా గోడే. ఊరి గుమ్మం దాటి, వాలుదారి దగ్గర అత్తయ్య ఆగారు. "ఎన్ని మెట్లే?"

"మెట్లు లేవత్తయ్యా. రండి."

నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, మెల్లగా ఎక్కారు. పైకొచ్చాక ఒక్క నిమిషం నిలబడిపోయారు. ఒక పక్క పొలాలు, కొండలు. ఇంకో పక్క ఊరంతా కిందకి కనిపిస్తోంది. ఎవరిదో పెరడు, తీగ మీద ఆరేసిన బట్టలు, పెంకులు, గంట గోపురాలు. ఒక గోపురం నెత్తి మీద ఏకంగా చెట్లే పెరుగుతున్నాయి. దాన్ని గ్వినీజీ టవర్ అంటారు. చిన్నోడు "నానమ్మా, దాని తల మీద జుట్టు" అని గెంతులు.

చెట్టు కింద బెంచీ మీద పులిహోర తిన్నాం. తర్వాత మావారూ పిల్లలూ బండి తొక్కుతామని వెళ్ళారు. మేమిద్దరం నడిచాం. మొత్తం గోడ కాదు, నాలుగో వంతు ఉంటుందేమో. బెంచీ కనపడినప్పుడల్లా కూర్చుంటూ నడిచాం. ఆవిడ పెద్దగా ఏం మాట్లాడలేదు. ఒకచోట మాత్రం కిందకి చూసి, "ఒకటే కాదే, పైనుంచి వేరే ఉంది" అన్నారు.

సాయంత్రం ఊళ్ళోకి దిగాం. రోమన్లు కట్టిన పాత ఆటస్థలం గోడల మీదే ఇళ్ళు కట్టుకున్నారు, అందుకని ఆ చౌక్ ఇప్పటికీ కోడిగుడ్డు ఆకారంలోనే ఉంది. దగ్గర్లో ఒక కొట్లో చెచీనా అనే రొట్టె వేడివేడిగా ఇచ్చారు. సెనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాల పొడి. అత్తయ్య ఒక ముక్క తిని, "ఇది మన సెనగపిండి అట్టే కదే! కాస్త అల్లం, పచ్చిమిర్చి వేస్తే ఎంత బాగుండేది" అని ఇటలీ వాళ్ళకి వంట నేర్పారు. రెండో ముక్క కూడా తిన్నారు.

ఐదున్నర బండికి తిరుగు ప్రయాణం. రైల్లో పిల్లలు నిద్రపోయారు, చిన్నోడు వాళ్ళ నాన్న ఒళ్ళో, బ్యాగులు ఆయన కాళ్ళ దగ్గర. అత్తయ్య నా ఫోన్ అడిగి తీసుకుని గుంటూరులో వాళ్ళ చెల్లెలికి కాల్ చేశారు. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరో ఎంతో. పీసా గోపురం చూశావా అని అటునుంచి అడిగినట్టున్నారు.

"ఆఁ, చూశాంలే, వంకరగానే ఉంది. అది కాదే, నేను ఇవాళ కోట ఎక్కాను. అవునే, నేనే! విను..."